ముందర ఏది కావల్ల?

పొద్దున టీ గ్లాసు పక్కన పెట్టుకుని పాత ల్యాప్‌టాప్ ఆన్ చేశాను. తెర ఒకసారి నీలంగా వెలిగి ఆరిపోయింది. తనంతట తానే మళ్లీ మొదలైంది, మళ్లీ ఆరింది. ఆ తర్వాత లోపలి నుంచి ఒక చప్పుడు మొదలైంది. టిక్... టిక్... టిక్. గోడ మీద బల్లి పలికినట్టు. మా ఇళ్లల్లో బల్లి పలికితే పెద్దవాళ్లు చేస్తున్న పని ఆపి, వేలితో నేల మీద తట్టి ‘కృష్ణ కృష్ణ’ అనుకుంటారు. నేనూ పని ఆపేశాను గానీ, వేలు మాత్రం పవర్ బటన్ మీదికి పోయింది. అంతలోనే ఎవరో చేతి మీద చరిచినట్టు వెనక్కి తీసుకున్నాను. అలా చరిచే మనిషి పోయి ఏళ్లవుతోంది. ఆ దెబ్బ భయం మాత్రం నాకింకా పోలేదు.

ఆమె పేరు ఈశ్వరమ్మ. ప్రొద్దుటూరులో తెలిసినవాళ్లందరికీ ఈశ్వరక్క. బట్టల అంగళ్ల వీధిలో ఒక చీరల కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే గదిలో కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసేది. పుట్టిల్లు పులివెందుల దగ్గర పల్లె. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, బోర్లు, ఊళ్లో పదిమందికి చెప్పే పెద్దరికం ఉన్న రెడ్ల ఇల్లు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, పెళ్లయి ప్రొద్దుటూరొచ్చి ఈ అంగడి పెట్టింది. పెద్దింటి ఆడబిడ్డ స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవడమేమిటని బంధువులు నొచ్చుకుంటే, “చీనీ తోటలో పార పట్టుకున్నప్పుడు లేని నామోషీ దీనికి యాడ్నించి వచ్చె?” అని అడిగిందట. మనిషి సన్నం, గొంతు లావు. ఆమె మామూలుగా మాట్లాడినా కింద కొట్టులో చీరలు బేరమాడేవాళ్లు తలెత్తి పైకప్పు వైపు చూసేవాళ్లు.

నాది జమ్మలమడుగు. కంప్యూటర్ కోర్సు చేసి, కొన్నేళ్లు ఒక నెట్ సెంటర్లో దరఖాస్తులు నింపి నింపి విసుగెత్తి, ఆమె దగ్గర పనికి చేరాను. మొదటి రోజు నా చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తుందనుకున్నాను. ఒక కుర్చీ ఇచ్చింది. అదీ నాకు కాదు, వచ్చేవాళ్లకు. “వచ్చినోళ్లను ఈడ కూర్చోబెట్టు. మిషనుకు ఏమైందో నేను చూసుకుంటా. నువ్వు మనిషిని అడుగు మే” అంది. మా వైపు ఆడపిల్లను ‘మే’ అనే పిలుస్తారు. ఏమడగాలక్కా అంటే, “లోపల ఏమేం ఉండాయి, అన్నీ రాకపోతే ముందర ఏది కావల్ల, ఈ రెండే” అంది. ఇది రిపేరు అంగడా, పెళ్లిళ్ల పేరయ్య ఆఫీసా అని మనసులో విసుక్కున్నాను. పైకి అనే ధైర్యం నాకెక్కడిది?

అందులో పని రహస్యం ఉందని తర్వాత తెలిసింది. ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆరిపోయి, మళ్లీ సరిగా మొదలవకపోతే దానికి నూటొక్క కారణాలు ఉండొచ్చు. దుమ్ము పట్టి వేడెక్కి ఉండొచ్చు, బ్యాటరీ పోయి ఉండొచ్చు, కొత్తగా ఎక్కించిన ప్రోగ్రాం ఏదైనా తిరగబడి ఉండొచ్చు. అవన్నీ బాగుపడేవే. కానీ టిక్ టిక్ అని వినబడిందంటే లోపల హార్డ్ డిస్క్ చావుకు దగ్గరైందని గుర్తు. ఇక దాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ ఉన్న కాస్త ఆయుష్షూ తరుగుతుంది. జనం సరిగ్గా అప్పుడే బటన్ పట్టుకుని మళ్లీ మళ్లీ నొక్కుతారు. అలా ఎవరు నొక్కబోయినా అక్క చేతి మీద చరిచేది. కస్టమరా, కాదా అని చూసేది కాదు. ఆ కోపం ఎక్కడిదో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తనే చెప్పింది. “నా చిన్నప్పుడు ఎండల్లో ఓల్టేజీ లేక బోరు మోటారు ఎత్తుకోలా. మా నాయనకు కోపమొచ్చి స్టార్టరు కొట్టిందే కొట్టె. మోటారుకేంది, కాలిపాయ. దాన్ని బాగుచేయించేలోగా చెట్లు ఎండిపాయ. అలిగితే మనుషులు దిగొస్తారు గానీ మోటార్లు దిగొస్తాయా మే?”

అంతమాత్రాన ఎప్పుడూ ముటముటలాడే మనిషని అనుకోవద్దు. దసరా మర్నాడు ఆమెను చూడాలి. మా ప్రొద్దుటూరులో దసరా అంటే మాటలు కాదు కదా. ఆయుధపూజ నాడు అంగళ్ల వాళ్లు తక్కెళ్లతో పాటు ల్యాప్‌టాప్‌నూ పీట మీద పెట్టేవాళ్లు. మూత తెరిచి మరీ పసుపు, కుంకుమ, విభూతి. పైనుంచి సాంబ్రాణి పొగ, దాని పక్కనే టెంకాయ. మర్నాటి నుంచి మా మెట్ల మీద వరస. ఫ్యాన్ విప్పితే కుంకుమ రాలేది, కీబోర్డు వంచితే టెంకాయ నీళ్లు కారేవి. ఒక చీరల షావుకారు, “ఎవరిదో దిష్టి తగిలిందమ్మా, పూజ చేసినాక కూడా ఆరిపోతాంది” అని దిగులుగా చెప్పాడు. “దిష్టి కాదు మామా, నువ్వు పెట్టిన బొట్టే తగిలింది. భక్తి మూత మీద చూపీ, లోపల చూపియ్యాకు” అంది అక్క. ఆయనా నవ్వేశాడు, నేనూ నవ్వాను. ఏడాదికొకసారి ఆ మాట వినడానికే ఆయన అలా చేస్తాడేమోనని నాకు అనుమానం.

ఇక ఓబులేసు సారు సంగతి చెప్పాలి. ఈశ్వరక్క ఎవరో తెలియనివాళ్లకు ఆమెను చూపించాలంటే నాకు ఇదొక్కటే దారి. ఆయన బడిపంతులుగా చేసి రిటైరైన పెద్దాయన. సొంతూరు జమ్మలమడుగు అవతల ఉండేది. ఉండేది అనే అనాలి. రిజర్వాయరులో నీళ్లు నిలబెట్టినప్పుడు ఆ ఊరు మునిగిపోయింది, జనం కాలనీలకు చెదిరిపోయారు. నీళ్లు రాకముందు సారు ఊరంతా తిరిగి, వీధి వీధీ, ఇల్లిల్లూ ఫోన్‌లో వీడియోలు తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ పోయింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ లేవడం లేదు. అల్లుడు శ్రీనివాసులు దాన్ని తువ్వాలులో చుట్టి ఎత్తుకొచ్చాడు. ముట్టుకుంటే చల్లగా, చెమ్మగా ఉంది.

“ఏందప్పా ఇది, ఇట్ల చల్లగుండాది?” అంది అక్క.

“ఫ్రిజ్‌లో పెడితే లేస్తాదని ఒక వీడియోలో చెప్పిరక్కా.”

“పెరుగన్నా తోడుకున్యా?”

నాకు నవ్వొచ్చింది. సారు మాత్రం నవ్వలేదు. కుర్చీ అంచున కూర్చుని, “తల్లీ, ఇంకెవురి కాడా మా ఊరి బొమ్మ లేదు. పెద్దల అమావాస్యకు అందరికీ చూపిస్తానని మాటిచ్చినా” అన్నాడు. ఆ గొంతు విన్నాక అక్క ఇంక వేళాకోళమాడలేదు. చెమ్మ ఆరేదాకా ఆగి, డిస్క్ విప్పి, మా అంగడి ల్యాప్‌టాప్‌కు వైరుతో తగిలించింది. టిక్... టిక్. కాసేపటికి తెర మీద ఫోల్డర్ల పేర్లు వచ్చాయి. దేవళం, బడి, తూర్పు వీధి, దక్షిణం వీధి, మా ఇల్లు, శ్మశానం. అక్క కుర్చీ సారు వైపు తిప్పుకుంది. “సారూ, ఇది కొన ఊపిరితో ఉండాది. ఒకటి వస్తాదో, రెండు వస్తాయో, మధ్యలోనే నిలబడిపోతాదో నేను చెప్పలేను. ముందర ఏది కావల్ల?”

“మన ఇల్లు మామా!” అన్నాడు శ్రీనివాసులు వెంటనే. “నువ్వు దగ్గరుండి కట్టిచ్చిన ఇల్లు.” నేను మనసులో దేవళం అనుకున్నాను. ఊరంటే దేవళమే కదా. సారు కళ్లు మూసుకున్నాడు. కింద కొట్టులో ఎవరో చీర అంచు ఎరుపా, నెమలి రంగా అని వాదులాడుకుంటున్నారు. వాళ్ల బేరం తెగేంతసేపూ ఆయన అట్లాగే ఉన్నాడు. కళ్లు తెరిచి, “శ్మశానం తల్లీ” అన్నాడు.

“ఏంది మామా నువ్వు చెప్పేది?” అల్లుడు దాదాపు అరిచాడు.

“ఇండ్లు పెండ్లి ఆల్బముల్లో కనపడ్తాయిరా, వెనకాల పందిరి సందులోనన్నా. దేవళం తిరునాళ్ల ఫొటోల్లో ఉంటాది. సమాధుల కాడ నిలబడి ఎవురన్నా ఫొటో దిగుతారా? మన అమ్మానాయనలు నీళ్లల్లో ఉండారు. యాడుండారో బిడ్డలకు చూపియ్యల్ల గదా.”

అక్క ఏ ప్రశ్నకైనా, ఏ జవాబుకైనా ఒక మాట అంటించకుండా వదిలే మనిషి కాదు. ఆ రోజు “సరే సారూ” అని మాత్రం అంది. కాపీ ఎంతయిందో చూపించే గీత తెర మీద చీమలా పాకింది. మేం నలుగురం దాన్నే చూశాం. శ్మశానం మొత్తం వచ్చింది. తర్వాత దక్షిణం వీధి అడిగాడు, సగం వచ్చింది. అక్కడ గీత ఆగిపోయింది. టిక్ టిక్ అని కాసేపు కొట్టుకుని డిస్క్ నిశ్శబ్దమైంది. అక్క వైరు తీసి పక్కన పెట్టింది. “అయిపాయ సారూ. మీ ఇల్లు రాలా. ఇంక రాదు” అంది. సారు తల ఊపి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, వచ్చింది పెన్‌డ్రైవ్‌లో భద్రంగా తీసుకుని మెట్లు దిగిపోయాడు.

నాకు అక్క మీద పట్టరాని కోపం వచ్చింది. “ఇంకోసారి చూద్దాంలే అని ఒక్క మాట అనుంటే నీ సొమ్మేం పోయేదక్కా?” అన్నాను. ఆమె కోప్పడలేదు. “ఆశ పెట్టి పంపితే ఆ పెట్టె పట్టుకోని ఊరూరా తిరుగుతాడు మే. ఈ పొద్దు ఏడిస్తే రేపన్నా అన్నం తింటాడు” అంది. అది నిజమని నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు.

పెద్దల అమావాస్య నాడు సారు మమ్మల్ని కాలనీకి రమ్మన్నాడు. ఎందుకైనా మంచిదని అక్క మా అంగడి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుంది. మంచి పనే చేసింది. మేం పోయేసరికి కరెంటు లేదు, వాళ్ల టీవీ మూగనోము పట్టింది. వసారాలో స్టూలు వేసి దాని మీద మా ల్యాప్‌టాప్ పెట్టాం. జనం నేల మీద కూర్చున్నారు. తెర మీద మట్టి దిబ్బలు, అక్కడక్కడా సున్నం కొట్టిన సమాధులు, మధ్యలో జిల్లేడు పొదలు. వెనక సారు గొంతు ఒక్కో పేరూ చెబుతూ నడుస్తోంది. పేరు వినబడినప్పుడల్లా ఆ ఇంటివాళ్లు కొంచెం ముందుకు జరిగేవాళ్లు. ఒకచోట ఒక అవ్వ, “ఆపు నాయనా, ఆపు, అది మాయన్న” అని లేచింది. బొమ్మ ఆపాం. మొగుణ్ణి ‘మాయన్న’ అనే పాతకాలపు మనిషి ఆమె. ఆకులో తెచ్చిన అన్నం స్టూలు ముందు పెట్టి, టెంకాయ కొట్టి, కుంకుమలో వేలు అద్ది తెర వైపు చెయ్యి చాపింది. దసరా మర్నాడు కీబోర్డుల్లోంచి కారిన నీళ్లన్నీ ఒక్కసారి నా కళ్లముందు తిరిగాయి. అడ్డుకోవడానికి సగం లేచాను. అక్క నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

“పెట్టనీలే మే” అంది. ఆమె గొంతు అంత మెల్లగా పలకగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

అవ్వ తెర మీద బొట్టు పెట్టింది. వేలు జారి, తెర చుట్టూ ఉండే నల్ల అంచు మీద కూడా ఎర్రగా అంటుకుంది. అంగడికొచ్చాక అక్క తెర తుడిచింది గానీ అంచు తుడవలేదు. దుమ్ము ఒక్క రేణువు కనబడితే ఊరుకోని మనిషి, ఆ మరకను అట్లాగే ఉండనిచ్చింది. నా మిగతా కోపం ఆ రోజుతో పోయింది.

కొన్నేళ్లకు ఆమెకు జబ్బు చేసింది. బయటపడేసరికే చేయి దాటిపోయింది. పెద్ద డాక్టరు అటూ ఇటూ కాకుండా చెబుతుంటే, “ఏది వస్తాది, ఏది రాదు, అది చెప్పప్పా” అని నిలదీసింది. చెప్పించుకుని, ఆసుపత్రి వద్దని పులివెందుల బస్సెక్కి పుట్టింటికి పోయింది. చీనీ పూత చూడాలంది. అంగడి తాళంచెవులూ, ఆ మరక ఉన్న ఈ ల్యాప్‌టాప్పూ నాకిచ్చింది. చూడ్డానికి పోతే తోటలో మంచం వేయించుకుని పడుకుని ఉంది. పూత వాసన కమ్ముకుని ఉంది. “అంగడి ఎవురు చూస్తాండారు మే, నువ్వు ఈడుంటే?” అని కసిరింది. అదే ఆమె నాతో అన్న చివరి మాట. ఆ తోట గట్టునే ఆమెను పూడ్చారు. అందరూ వెళ్లిపోయాక నేను అక్కడ నిలబడి చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఫోన్ తీసి ఆ మట్టి దిబ్బనూ, పక్కనున్న చీనీ చెట్టునూ ఫొటో తీశాను. అటుగా వచ్చిన పాలేరు నన్ను వింతగా చూశాడు.

ఆ ఫోన్ ఎప్పుడో మారిపోయింది. ఆ ఫొటో ఉన్నది ఈ పొద్దున టిక్ టిక్ అంటున్న ఈ డిస్క్‌లోనే. ఊరందరికీ ఇంకో కాపీ పెట్టుకోమని చెప్పేదాన్ని, నాకు మాత్రం పెట్టుకోలేదు. చెప్పేవి శ్రీరంగ నీతులని ఊరికే అన్నారా? డిస్క్ విప్పి ఇంకో మిషనుకు తగిలించాను. ఫోల్డర్ల పేర్లు వచ్చాయి. అంగడి లెక్కలు, ఇన్నేళ్లలో నేను రాసి పెట్టుకున్న రిపేరు కిటుకులు, మా పిల్లల పుట్టినరోజులు, అక్క నవ్వుతూ ఉన్న ఫొటోలు కూడా. ఆ నవ్వు వాళ్ల చెల్లెలింటి గోడ మీద ఉంది, పెళ్లి ఆల్బంలో ఉంది, నా కళ్లలోనూ ఉంది.

“ముందర ఏది కావల్ల మే?”

తోట గట్టు, అన్నాను పైకే, ఎవరూ లేని గదిలో. గీత చీమలా పాకింది. పక్కనున్న పాత ల్యాప్‌టాప్ అంచు మీద, ఆ ఎర్ర మరక పక్కన వేలు ఆనించి, అది నిండేదాకా కదలకుండా కూర్చున్నాను. నిండింది. ఆ తర్వాత మిగతావాటి వరస చూసుకున్నాను.