వెనక్కి నడిచి బోర్డు చూసే మా చిన్నాయన

మా చిన్నాయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఆయన్నే తిట్టుకుంటూ ఉన్నాను. జమ్మలమడుగులో ఒక గాజుల అంగడి ముందు, ఎండలో, నిచ్చెన తెచ్చిన ఇద్దరు మనుషులతో సహా గంటన్నరగా ఆయన కోసం కాచుకుని ఉన్నాను. తనొచ్చి చూసేదాకా బోర్డు పైకి ఎక్కించొద్దని పట్టుపట్టింది ఆయనే. చెప్పిన టైముకు రానిదీ ఆయనే. ఈ మనిషి ఈ జన్మకు మారడనుకుంటూ ఫోను ఎత్తితే చిన్నమ్మ గొంతు వినిపించింది.

"మీ చిన్నాయన కుర్చీలో కూసున్నోడు కూసున్నట్లే ఉండాడు పాపా. పిలిస్తే పలకడం ల్యా."

నిజం చెప్పాలంటే, ముందు నాకు ఏడుపు రాలేదు. చిరాకు వచ్చింది. బోర్డు సంగతి తేల్చకుండా పోయాడే అనిపించింది. ఏడుపు ప్రొద్దుటూరు బస్సులో కూర్చున్నాక వచ్చింది. పక్క సీటు ఆమె తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టి ముఖం అటు తిప్పుకుంది.

మీలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చు గానీ, ప్రొద్దుటూరు బంగారంగళ్ల వీధిలో ఎప్పుడైనా తలెత్తి నడిచి ఉంటే ఆయన చేతి అక్షరాలు చూసే ఉంటారు. ముప్పై ఏళ్లు కుంచెతో బోర్డులు రాశాడు. ఫ్లెక్సులు వచ్చాక ఆయనతోటి వాళ్లు కొందరు ఇళ్లకు సున్నాలు కొట్టే పనికి పోయారు, కొందరు ఊరికే ఇంట్లో కూర్చున్నారు. ఈయన మాత్రం నా షాపుకు వచ్చాడు. ఆయన అన్న కూతుర్ని నేను. కంప్యూటర్ మీద డిజైన్ నేర్చుకుని, లోగోలు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సులు చేసుకుంటూ అప్పుడే నిలదొక్కుకుంటున్నాను. ఒక కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, "నువ్వు నొక్కు, నేను చెప్తా" అన్నాడు. పదకొండేళ్లు నేను నొక్కాను, ఆయన చెప్పాడు. ఆ పదకొండేళ్లలో ఒక్క పని కూడా చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు మేము.

ఎందుకంటే ఆయన ముందు ఆ అంగట్లో కూర్చోవాలి. కారం దోసెలు వేసే ఒకామె బోర్డు కావాలని వస్తే, మూడు పొద్దులు వరుసగా పోయి ఆమె దగ్గర దోసెలు తిని వచ్చాడు. నాలుగో రోజు తెల్లటి రేకు మీద ఎర్రటి గుండ్రం ఒకటి వేయించాడు. అంతే. పేరు లేదు, ఊరు లేదు. ఆమె బోర్డును చంకన పెట్టుకుని నా షాపు మీదికి వచ్చింది.

"మా ఆయన పేరు రాయమంటే బొట్టు పెట్టి పంపినారేంది?"

"రేపు తల్లులు పిల్లోళ్లను పంపేటప్పుడు ఏమంటారు?" అన్నాడు చిన్నాయన, కుర్చీలోంచి లేవకుండానే. "ఎర్ర బొట్టు కాడ దోసెలు తేపో అంటారు. మీ ఆయన పేరు నువ్వు గూడా పలకవు గదమ్మా, ఇంగ ఊరోళ్లేం పలుకుతారు?"

ఆమె గొణుక్కుంటూ పోయింది. ఇప్పుడు ఆ వీధిలో ఎవరినడిగినా ఎర్ర బొట్టు దోసెలు అనే చెప్తారు. ఆ మాట ఆయన నాకు కనీసం వందసార్లు గుర్తుచేసి ఉంటాడు. తను గెలిచిన సంగతి మరిచిపోయే మనిషి కాదు.

పులివెందులలో బోరు మోటర్లు బాగుచేసే ఒకాయన సింహం బొమ్మ పెట్టమన్నాడు. "మోటరు కాలి, చీనీచెట్లు ఎండతాంటే పరిగెత్తుకొచ్చిన రైతుకు సింహం ఎందుకప్పా?" అని, "పొద్దున ఇస్తే సాయంత్రానికి తిరుగుతుంది" అన్న మాట బోర్డంతా రాయించాడు. పేరు కింద చిన్నగా వేయించాడు. పాపం ఆ మనిషి అప్పటిదాకా వారం రోజులకు గానీ మోటరు ఇచ్చేవాడు కాదు. బోర్డు పైకెక్కాక రైతులు సాయంత్రం దాకా అక్కడే కూర్చోవడం మొదలుపెట్టారు. ఇంకొక మెకానిక్‌ను పెట్టుకోక తప్పలేదు. మా షాపుకు ఫోన్ చేసినప్పుడల్లా చిన్నాయనను తిట్టి, తర్వాత క్షేమం అడిగేవాడు.

ఇదంతా నేను భరించాను. భరించలేనిది ఒకటుంది. బోర్డు పైకెక్కాక ఆయన దానికి ఎదురుగా నిలబడి, చూపు తిప్పకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి నడిచేవాడు. మెట్లు దిగి, కాలువ దాటి, రోడ్డు మీదికి. వెనక ఏమొస్తోందో చూసేవాడు కాదు. బస్సులు, ట్రాక్టర్లు, ఎద్దులబండ్లు, దేనికీ తిరిగేవాడు కాదు. "బోర్డు యజమానికి గాదు పాపా, దావన పోయేటోళ్లకు. ఆ పక్క నుంచి చూస్తేనే తెలిసేది" అనేవాడు. ఆయన వెనక నిలబడి, రెండు చేతులూ చాపి, "ఆగప్పా, ఆగు!" అని ఆటోవాళ్ల మీద అరవడం నా ఉద్యోగం. డిజైన్ నేర్చుకుని నేను చేసిన అసలు పని అది.

"ఏదో ఒకరోజు నీ ప్రాణం పోతుంది చిన్నాయనా" అంటే, "నువ్వుండావు గదా ఎనక" అనేవాడు.

నన్ను కూడా అలాగే నడిచి చూడమనేవాడు. నేను ఒక్కసారీ నడవలేదు. స్క్రీన్ మీద దగ్గరగానూ దూరంగానూ చూసుకోవచ్చు కదా, రోడ్డు మీద పడి చావడం ఎందుకని నా వాదన.

ఇక టాంగో సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆయన ఊరుకోడు.

జమ్మలమడుగులో ఒక జంట డాన్సు క్లాసు పెట్టారు. ఆయన తుమ్మలపల్లె గనిలో ఉద్యోగి, ఆమెది జమ్మలమడుగే. బెంగళూరులో ఉన్న రోజుల్లో ఇద్దరూ టాంగో నేర్చుకున్నారట. సిమెంటు అంగడి మీద హాలు తీసుకుని, లోగో, ఫ్లెక్సు చేయమని నా దగ్గరికి వచ్చారు. టాంగో అంటే ఏందని చిన్నాయన అడిగాడు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు పట్టుకుని సంగీతానికి నడవడం అని ఆమె చెప్పింది. "నడవడం నేర్పేదానికి క్లాసా?" అన్నాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు పోయి ఆ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం మొదలైంది. ఒకరోజు, రెండ్రోజులు, నాలుగు రోజులు. గీసిన గీత ఒక్కటి లేదు. "ఇంగా అర్థం కాలే" అంటాడు. ప్రారంభం ఆదివారం. శుక్రవారం సాయంత్రానికి నాకు ఓపిక చచ్చిపోయింది. ఆయనకు చెప్పకుండా నేనే చేసేశాను.

ఏం చేశానో విని నవ్వకండి. ఆ జంట పట్టుకుని నిలబడ్డ ఫోటో నడిమధ్య పెట్టాను. ఇద్దరి వైపు పెద్దల ఫోటోలు పైన వరసగా పెట్టాను, లేకపోతే వాళ్లకు కోపాలొస్తాయి. హాలు యజమాని ఫోటో, వార్డు పెద్దలవి రెండు. అటూ ఇటూ పూలు. కింద బంగారు రంగులో "అందరూ ఆహ్వానితులే". మా ప్రాంతంలో ఏ ఫ్లెక్సు అయినా అంతే కదా. పాత ఫైలు ఒకటి తీసి ఫోటోలు మార్చాను. అది పెళ్లి ఫైలు.

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. పట్టుచీరలు, రంగు కాగితాలు చుట్టిన స్టీలు సామాన్లు. చాపాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మెట్లెక్కుతూనే, "బోజనాలు కిందనా, పైననా?" అని అడిగాడు. ఒక ముసలామె డాన్సు నేర్పే ఆమె గడ్డం పట్టుకుని, "పెండ్లికూతురికి అప్పుడే నెరిసిన ఎంటికలేంది తల్లీ?" అంది. ఆమె భర్త ముఖం చూడలేకపోయాను. "మేడం, మా పెండ్లయి పద్నాలుగేండ్లు అయింది" అన్నాడు నాతో మెల్లగా.

చిన్నాయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "వచ్చినోళ్లను ఎట్ల పంపుతాం?" అని పక్క హోటల్ నుంచి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెప్పించాడు. అందరినీ చాపల మీద కూర్చోబెట్టి, "మీరు ఆడండప్పా, చూస్తారు" అని ఆ జంటతో అన్నాడు. వాళ్లు పాట పెట్టుకుని మొదలుపెట్టారు. భర్త ముందుకు నడుస్తున్నాడు, ఆమె కళ్లు మూసుకుని వెనక్కి నడుస్తోంది. హాల్లో ఉగ్గాని నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు ఆ ముసలామె గట్టిగా అడిగింది.

"ఆ పిల్ల అట్ల ఎనక్కి నడుస్తాంది గదా, పడదా?"

చిన్నాయన కుర్చీలోంచి లేచాడు. "నాలుగు దినాలుగా నేను ఎతుకుతాండేది ఇదే అవ్వా" అన్నాడు.

సోమవారం మధ్యాహ్నానికి బోర్డు వచ్చింది. తెల్లటి బోర్డు మీద నాలుగు నల్లటి పాదాలు. రెండు ముందుకొస్తున్నాయి, రెండు వెనక్కి పోతున్నాయి. మనిషి లేడు, ముఖం లేదు. కింద ఒకే మాట, "భయం లేకుండా వెనక్కి నడవండి". ఈ బోర్డు చూసి ఎవరొస్తారని నేను వాదించాను. పదకొండు మంది వచ్చారు, మొదటి నెలలోనే. చిన్నాయన పన్నెండో వాడు. చిన్నమ్మను రమ్మంటే, "నీ యెగతాళికి నేను దొరికినానా?" అని సంగటి తెడ్డు చూపించిందట. అందరికీ వెనక్కి నడవడం రావడానికి మూడు వారాలు పట్టింది. ఈయనకు మొదటి రోజే వచ్చేసిందని డాన్సు నేర్పే ఆమె ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. నేను ఆశ్చర్యపోలేదు. ముప్పై ఏళ్లు రోడ్ల మీద నేర్చుకున్న విద్య అది.

ఇప్పుడు ఆయన పోయిన మూడో రోజుకు వద్దాం. ఆయన కొడుకు, నా తమ్ముడు, పులివెందులలో టైల్సు అంగడి పెట్టుకున్నాడు. వాడు నా షాపుకు వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. అందులో ముప్పై రెండు ఫోటోలు. బంధువులు, నాయకులు, వీధి పెద్దలు. దినాలకు శ్రద్ధాంజలి ఫ్లెక్సులో ఇవన్నీ రావాలన్నాడు.

అలాంటి ఫ్లెక్సు కనబడినప్పుడల్లా చిన్నాయన ఆగి, తల ఒక పక్కకు వంచి, అడిగే మాట ఒకటే. "ఈళ్లలో పోయింది ఎవురు పాపా?" జీవితంలో ఒక్క ముఖం కూడా బోర్డు మీదికి ఎక్కించని మనిషిని, చచ్చాక ముప్పై రెండు ముఖాల కింద నేనే పెట్టాలి. అది కూడా నా చేత్తోనే.

"వద్దురా" అన్నాను.

"ఊరందరికీ బోర్డులు రాసినోడు క్కా. ఆయప్పకు సరైన ఫ్లెక్సు ల్యాకుంటే మాకు ఎవురూ లేరనుకోరా? నువ్వు చేయకుంటే ఇంగొకరి కాడికి పోతా" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. వాడికీ తండ్రి పోయాడు. ఆ మాట నా వాదనలో నేనే మరిచిపోయాను.

సరే, ముందు చిన్నాయన ఫోటో ఇవ్వమన్నాను. అక్కడ పట్టుబడ్డాం. ఫోటో లేదు. ఓటరు కార్డులో ఉన్నది చూస్తే పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉంది. నా ఫోన్లో వందల ఫోటోలున్నాయి, ప్రతి బోర్డు దగ్గరా తీసినవి. అన్నిట్లోనూ నేను ఆయన వెనక ఉన్నాను కాబట్టి, అన్నిట్లోనూ ఆయన వీపే. నడుం మీద చేతులు, భుజం మీద తుండు, ఎదురుగా బోర్డు. పదకొండేళ్లలో ఒక్కసారీ ముందుకు పోయి ఆయన ముఖం తీయాలని నాకు తోచలేదు. ఆ పూట నన్ను నేను తిట్టుకున్నంతగా ఆయన్ని కూడా ఎప్పుడూ తిట్టలేదు.

ఇద్దరం ఇంటికి పోతే చిన్నమ్మ నా ఫోన్ అందుకుని ఫోటోలన్నీ నిదానంగా జరుపుతూ చూసింది. ఒకచోట ఆగింది.

"ఆయప్ప మొగం నాకు తెలుసు, చాలు. ఊరికి తెలిసింది ఈ ఈపే గదా. ఇదే పెట్టండి."

తమ్ముడు ముప్పై రెండు ఫోటోలున్న తన ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "బోజనాలు యాడో అయినా రాయి క్కా" అన్నాడు. రాశాను. దావన పోయేవాడికి కావలసింది అదే మరి. వీపు, పేరు, దినాలు ఏ రోజు, భోజనాలు ఎక్కడ. అంతకు మించి ఏమీ లేదు.

బంగారంగళ్ల వీధి మొదట్లో, ఆయన రాసిన బోర్డుల వరసకు ఎదురుగా, మిట్టమధ్యాహ్నం ఫ్లెక్సు కట్టించాను. నిచ్చెన దిగిన మనిషి "సరిగ్గా ఉందా మేడం?" అని అడిగాడు. ఉందని చెప్పబోయి ఆగాను. అంత దగ్గర నుంచి నాకు ఏమీ తెలియలేదు. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంకొకటి. కాలువ దాటాను. కాలి కింద తారు తగిలింది. ఎక్కడో హారన్ మోగింది, అయినా కళ్లు తిప్పాలనిపించలేదు. అడుగు మాత్రం ఆగింది, నా వెనక ఎవరూ లేరని గుర్తొచ్చి.

"నడువు క్కా. నేనుండా."

తమ్ముడు నా వెనక నడిరోడ్డులో నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చాపి ఆటోలను ఆపుతున్నాడు. నేను అవతలి పక్కకు చేరేదాకా నడిచాను. అక్కడి నుంచి చూస్తే చిన్నాయన నడుం మీద చేతులు పెట్టుకుని, మా ఎవరికీ ముఖం చూపించకుండా, నిలబడి ఉన్నాడు. ఎడమ మూల అర అంగుళం కిందికి వాలి ఉంది. మళ్లీ నిచ్చెన వేయమని అరిచాను.