గురవమ్మ కలిపిన మూడేళ్లు

దాచేపల్లి రాళ్ల క్వారీలో గురవమ్మది పాతికేళ్ల రెక్కల కష్టం. కొడుకు సైదులును పద్నాలుగేళ్లకే పనికి తెచ్చి, చిన్నోడంటే పెట్టుకోరని మేస్త్రీకి పదిహేడని చెప్పింది. అక్కడ అందరూ అలాగే చెబుతారు.

మూడేళ్లకు, 1984లో, మాటామాటా పెరిగి సైదులు తోటి పనివాణ్ని సమ్మెటతో కొట్టి చంపాడు. క్వారీ పుస్తకంలో వాడి వయసు ఇరవై. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది.

"చంపాడయ్యా, కాదనను. ఆ ఈడు మాత్రం నా పాడునోరు కల్పించింది!" అంటూ గురవమ్మ వకీలు ముందు తల బాదుకుంది. ఆయన సైదులు చదివిన బడి రిజిస్టరు వెతికించి, హైకోర్టులో అప్పీలు వేశాడు.

ఏడాదికి కబురొచ్చింది. నేరం చేసేనాటికి వాడికి పదిహేడేళ్లేనని ఉరిశిక్ష రద్దు చేసి యావజ్జీవ ఖైదుగా మార్చారు. గురవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాన్నాళ్లకు ఆ పూట కడుపునిండా తిన్నది.

మర్నాడు మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. "గురవమ్మా, నీ కూతుర్ని కూడా పనిలోకి తీసుకురా. పద్దెనిమిదని రాసుకుంటాలే."

"దానికి పన్నెండు. ఒక్క రోజు ఎక్కువ రాశావంటే, మేస్త్రీ, నీ చెయ్యి ఇరగ్గొడతా!"