ఆముదం సార్‌కు శాలువా మోసుకుని తాండూరు దాకా

వికారాబాద్ నుంచి తాండూరు పోవడం పెద్ద ప్రయాణమేమీ కాదు. రైలెక్కి ఒక కునుకు తీసేలోపు దిగాల్సి వస్తుంది. దానికి యాత్ర అని పేరు పెట్టి రాస్తున్నానని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. కానీ మేము పోయింది గుడికో దర్గాకో కాదు, ఒక పెద్దమనిషి చేత తిట్లు తినడానికి, అదీ సొంత ఖర్చుతో. అలాంటి యాత్ర మీరు చేసి ఉండరు.

ఆ పెద్దమనిషి మా ఊరి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్, మేము ఆ జట్టు అభిమానులం. ఒకప్పుడు పెద్ద పెద్ద జట్లను నడిపినవాడు, టీవీల్లో కనబడ్డవాడు. ఆయన మా జట్టుకు వస్తున్నాడని తెలిసి స్టేషన్ దగ్గర బ్యాండు పెట్టించాం. దిగీ దిగగానే ఆయన అన్న మొదటి మాట, "ముందు ఈ బ్యాండు ఆపించండి, తలనొప్పి." మేము ఆహా ఓహో అనుకున్నాం. మా దగ్గర ఒక గుడ్డి నమ్మకం ఉంది. బెత్తం పట్టినవాడే పంతులు, తిట్టేవాడికే చదువొచ్చు. మనిషి ఇంత చేదుగా ఉన్నాడంటే లోపల ఎంత మందు ఉందో అని మురిసిపోయాం.

ఆ మురిపెంలోనే ఒక ఆచారం పెట్టుకున్నాం. గెలిచినా ఓడినా, ఆట అయ్యాక సార్‌కు శాలువా కప్పాలి. ఆయనా ఒక ఆచారం పెట్టుకున్నాడు. మెడ వంచి కప్పించుకుంటాడు, ఫొటో తీసేలోపే తీసి పక్కవాడి చేతిలో పడేస్తాడు, ఆపైన తిట్లు మొదలు. గెలిస్తే ఎదుటివాళ్ళు చవటలు కాబట్టి గెలిచామంటాడు. ఓడితే తప్పు గ్రౌండుది, గాలిది, రెఫరీది, చివరికి మా డప్పులది. ఎప్పుడు చూసినా ఆముదం తాగిన మొహమే. అందుకే ఆముదం సార్ అని పేరు పెట్టాం, ఆయన వినకుండా. మొదట్లో బస్సు మాట్లాడుకుని పోయేవాళ్ళం, టాపు మీద కూడా జనమే. తాండూరులో ఈ ఫైనల్‌కు పోదామని వాట్సాప్ గ్రూపులో పెడితే పదిమందికి మించి పలకలేదు. "తిట్లు తినాలంటే ఇంట్లో నా పెళ్ళాం లేదా, తాండూరు దాకా ఎందుకు?" అని రాశాడొకడు. వాడికి వచ్చినన్ని మెచ్చుకోలు గుర్తులు మా గ్రూపులో గోలుకు కూడా రాలేదు.

ఆదివారం పదకొండు దాటాక ఉండే ప్యాసింజర్ బండికి స్టేషన్ చేరాం. వెనక వచ్చేవాళ్ళ కోసం చెబుతున్నాను, బస్సు కూడా ఉంది కానీ సిమెంటు లారీల వెనక దుమ్ము మింగుతూ పోవాలి. రైలే మేలు. టికెట్ మరీ చవక, సీటు దొరకడమే గగనం. నాది బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం, ఆ పూటకు మూసేసి వచ్చాను. ఆటో నడిపే ఖాజా భాయ్ మా గుంపుకు నాయకుడు. శాలువా ఎప్పుడూ ఆయన సంచిలోనే ఉంటుంది.

ప్లాట్‌ఫారం మీద టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ ఒకావిడ మా డప్పులు చూసి దగ్గరకొచ్చింది.

"అన్నా, మీరు బాలాట కాడికేనా? మా బిడ్డ మీ టీముల గోలు కాడ నిలవడతది."

"అరె, శిరీష వాళ్ళ అమ్మవా!" అన్నాడు ఖాజా భాయ్. రైలు రాగానే కిటికీలోంచి తువ్వాలు వేసి ఆవిడకు సీటు పట్టాడు. ఆవిడ పేరు మంగమ్మ, ఊరు కోట్‌పల్లి దగ్గర. గొర్లున్నాయి, కొంచెం కంది చేను ఉంది. పిల్లలు జట్టు వ్యానులో ముందురోజే వెళ్ళారు. బిడ్డ ఆట చూడటానికి ఆవిడ రావడం ఇదే మొదటిసారి. ఎందుకొచ్చిందో బండి కదలగానే చెప్పింది.

"హైదరాబాద్ల ఆటల హాస్టల్ల సీటొచ్చిందన్నా. మా ఇంటాయన పంపనంటున్నడు. ఫోన్ల సార్ మాట్లాడిన వీడియో చూసిండు. 'గోలు కాడ దిష్టిబొమ్మను పెట్టినా ఇంతే ఉంటది' అన్నడంట సార్. గంత పెద్ద సారే పనికిరాదంటే మనకేం ఎరుక, గొర్లెంబడి పంపుత అంటడు. బతిమాలంగ బతిమాలంగ ఒక్కటన్నడు. సార్ నోట్లకెల్లి ఒక్క మంచి మాటొస్తే పంపుతడంట. గందుకే నేనే అడుగుదామని వస్తున్న."

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆముదం సార్ నోటి నుంచి మంచి మాట! రాతి నుంచి నార తీయడం అంతకంటే తేలిక. "జర చూద్దాం అక్కా, ఫికర్ చెయ్యకు" అని ఖాజా భాయ్ కిటికీ వైపు తిరిగాడు.

ధారూర్ దగ్గర ఎక్కి మా మధ్య ఇరుక్కుని కూర్చున్న ఒక ముసలాయన మా మాటలన్నీ విన్నాడు. పెళ్ళికి పోతున్నాడట, కొత్త ధోవతి కట్టుకున్నాడు. "మా ఊర్ల గూడ ఉన్నడు గసొంటోడు ఒకడు" అన్నాడు. "ఎవరింట్ల దావతైనా సరే, కూర బాగలేదని తిట్టుకుంటనే మూడుసార్లు ఏయించుకుంటడు." రైలు డబ్బా అంతా నవ్వింది. మంగమ్మ మాత్రం నవ్వలేదు.

తాండూరులో దిగేసరికి పన్నెండు దాటింది. స్టేషన్ ఎదురుగా చిన్న హోటల్ ఉంది. యజమాని "బర్రి, కూడ్రి" (రండి, కూర్చోండి) అని కన్నడంలో పిలిచి తెలుగులో వడ్డించాడు. జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు, పచ్చి ఉల్లిగడ్డ. ఆ పప్పు గురించి ఇన్నాళ్ళూ విన్నదంతా నిజమే. తినేవాళ్ళు వెతుక్కుంటూ పోవచ్చు. మంగమ్మ తన డబ్బా విప్పలేదు, బిడ్డకు తెచ్చిందట. మా బలవంతం మీద సగం రొట్టె తింది. "పెద్ద సార్లతోని ఎట్ల మాట్లాడాలె? ముందుగాల నమస్తే పెట్టాల్నా, పేరు చెప్పాల్నా?" అని ఖాజా భాయ్‌ని రెండుసార్లు అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తల్లి మీద కాదు, ఆ ఆముదం మొహం మీద.

మూడు గంటలకు ఆట. గ్రౌండు చుట్టూ కూర్చోడానికి వేసినవి అన్నీ ఇక్కడి నాపబండలే. మధ్యాహ్నపు ఎండకు పెనంలా కాలుతున్నాయి, పోయేవాళ్ళు ఒక పాత దుప్పటి తీసుకుపోండి. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ నుంచి కార్మికులు మోటారు సైకిళ్ళ మీద గుంపులుగా వచ్చారు, తాండూరు జట్టుకు కేకలేయడానికి. వాళ్ళలో ఒకడు మా సార్‌ను వేలితో చూపించాడు. "మీ సారేనా గాయన? మాతాన మయ్యత్ల, పీనుగ ముంగట గూడ గట్ల మొహం పెట్టరు గదా!" మామూలుగా అయితే తగువుకు దిగేవాళ్ళం. ఆరోజు ఖాజా భాయ్ "తీస్కపోతవా? మీకే ఇస్తం, ముఫ్త్, పైస గూడ వద్దు" అన్నాడు. "వద్దు, వద్దు" అని వాడు దండం పెట్టాడు.

ఆట గురించి ఎక్కువ రాయను. సార్ కుర్చీలో పక్కకు తిరిగి చేతులు కట్టుకుని కూర్చున్నాడు, పెళ్ళిలో అలిగిన మేనమామలాగా. మా పిల్లలు రెండో సగంలో ఒక గోలు కొట్టారు. మేము ఎగిరి గంతులేస్తుంటే ఆయన నీళ్ళ సీసా నేలకేసి కొట్టాడు. గోలు మనదే సార్ అని ఎవరైనా చెప్పాలేమో అనుకున్నాను. ఇక ఆట అయిపోవస్తుందనగా మా పిల్ల ఒకతి వాళ్ళ పిల్లను అడ్డుపడి పడేసింది, తాండూరుకు పెనాల్టీ వచ్చింది.

మంగమ్మకు పెనాల్టీ అంటే తెలియదు. "అందరు పక్కకు జరిగిన్రేంది? నా బిడ్డ ఒక్కతే నిలవడ్డదేంది?" అంది. "ఇప్పుడు ఆ పిల్ల తంతది అక్కా, మన పిల్ల ఆపాలె" అన్నాను. ఆవిడ బండ మీంచి లేచి నిలబడింది. బంతి ఎడమ పక్కకు నేల బారుగా దూసుకొచ్చింది. శిరీష ఒళ్ళంతా దాని మీద పారేసుకుంది. దుమ్ము లేచింది, ఏమీ కనబడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే బంతి ఆ పిల్ల పొట్ట కింద ఉంది. మంగమ్మ నా చెయ్యి పట్టుకుందని, గోళ్ళు దిగాయని తర్వాత తెలిసింది. తాండూరువాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు, అది ఒప్పుకోవాలి.

గెలిచాం. ఆచారం ప్రకారం శాలువా తీసుకుని సార్ దగ్గరకు పోయాం. మంగమ్మ ముందుకొచ్చి రెండు చేతులా దండం పెట్టింది.

"సార్, నేను శిరీష తల్లిని. మా బిడ్డ ఎట్లాడింది సార్?"

ఆయన ఆవిడ వైపు తల కూడా తిప్పలేదు. "ఎలా ఆడడమేంటి? ఆ పెనాల్టీ ఆగింది అదృష్టం. బంతి వచ్చి మీద పడింది, అంతే. ఇలాంటి వాళ్ళతో పనిచేయాల్సి రావడం నా ఖర్మ. ఇక మీరొకరు, డప్పులేసుకుని వచ్చి వీళ్ళను చెడగొట్టడానికి. మీకు ఆటంటే ఏం తెలుసని?" అలా తిడుతూనే, అలవాటు కొద్దీ, శాలువా కోసం మెడ ముందుకు వంచాడు.

ఖాజా భాయ్ కదల్లేదు. సార్ మెడ వంచే ఉన్నాడు. ఆ మెడను నేను ఇన్నాళ్ళూ సరిగ్గా చూడలేదు, ఫొటోలో పడాలనే తొందరలో ఉండేవాణ్ణి. ఖాజా భాయ్ తీరిగ్గా శాలువా మడతపెట్టాడు, సంచిలో పెట్టుకున్నాడు, జిప్పు లాగాడు.

"మాఫ్ చెయ్యున్రి సార్. మెడ లేపున్రి, నొస్తది" అన్నాడు. "ఇయ్యాల శాలువ లేదు. రేపు గూడ లేదు. బస్, ఖతం."

వెనక నుంచి కరణ్‌కోటవాళ్ళ ఈలలు మోగాయి. సార్ మెడ ఎత్తి వ్యానులోకి పోయి కూర్చున్నాడు. ఛీ, ఇంత చిన్న మనిషి కోసమా బ్యాండు పెట్టించాం! ఆయనకు ఆట రాదని నేను అనను, వచ్చే ఉంటుంది. తేలుకు కూడా తోక ఆడించడం వచ్చు.

సాయంత్రం ఆరు దాటాక తిరుగు బండి దొరికింది. శిరీష, జట్టు మేనేజరు మేడమ్‌కు చెప్పి, తల్లితో పాటే వచ్చేసింది. వేళ్ళు వాచి ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని అమ్మ తెచ్చిన డబ్బా విప్పి తింటోంది. మంగమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తోంది. ఇంటాయన చేస్తాడని తెలుసు, ఏమడుగుతాడో తెలుసు.

ఖాజా భాయ్ గొంతు తగ్గించి అన్నాడు, "అక్కా, సార్ షాబాష్ అన్నడని చెప్పు. మేము ఇంతమందిమి గవాహీ ఇస్తం, సాక్ష్యం చెప్తం. మంచి పనికి అబద్ధమాడితే పాపం లేదు."

మేమంతా తలలూపాం. ఫోను మోగింది. మంగమ్మ స్పీకర్ మీద పెట్టింది.

"సార్‌ను అడిగినవా? ఏమన్నడే?"

మా గుంపంతా ఆవిడ నోటి వంకే చూస్తోంది.

"సార్ ఏం మంచిగనలే" అంది. "ఆయనకు మంచిగనుడు రాదు. పెండ్లిల కూసోబెట్టినా ఏడుస్తడు గా మనిషి. సార్‌ను ఇడ్సిపెట్టు, నేను చూసిన. గింత దగ్గరికెల్లి గుండు లెక్క బాలొస్తె నీ బిడ్డ దాని మీద పడ్డది. ఎదుటోళ్ళు సుత చప్పట్లు కొట్టిన్రు. పిల్ల హైదరాబాద్ పోతది. నువ్వు తోల్కపోతవా, నేను తోల్కపోవాల్నా, గది చెప్పు."

అవతల గొర్లను అదిలిస్తున్న చప్పుడు వినబడింది.

"దెబ్బ గిట్ల తాకిందా?" అన్నాడు చివరికి.

"ఏళ్ళు వాసినయ్. తింటున్నది."

"ఇంకోపారి ఉన్నప్పుడు ముందుగాల చెప్పు. గొర్లను తమ్మునికి అప్పజెప్పి వస్త. నేను గూడ చూస్త."

ఫోను పెట్టేశాక ఖాజా భాయ్ కళ్ళు తుడుచుకుని దుమ్ము పడిందన్నాడు. పేరున్న మనిషి వెంట ఇన్ని ఊళ్ళు తిరిగాం, మెచ్చుకుంటాడని ఇన్ని శాలువాలు కప్పాం. మా రైలు డబ్బాలో ఫుట్‌బాల్ గురించి పనికొచ్చే మాట అన్నది మొదటిసారి ఆట చూసిన మంగమ్మ ఒక్కతే.

ధారూర్ దాటాక శిరీష డబ్బా మూత పెట్టి తల్లి భుజం తట్టింది.

"అమ్మా, నాయిన నిజంగ వస్తనన్నడా?"

"వస్తనన్నడు బిడ్డా."

వికారాబాద్ వచ్చేలోపు ఆ పిల్ల అదే మాట ఇంకో రెండుసార్లు అడిగింది. సార్ ఏమన్నాడని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.