ఇసుక మూట దించిన రోజు

ఇవాళ సాయంత్రం ఆఫీసు ముందున్న రేకుల షెడ్డులోంచి నా బండి తీస్తుంటే కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. వల్లూరు అమ్మాయే. సోలారు ప్యానెళ్లు కడిగే జట్టులో పని. సీటు మీద ఒకసారి చెయ్యి పెట్టి, ఎవరైనా చూశారేమోనన్నట్టు వెంటనే తీసేసి, "అక్కా, నేనూ ఒక బండి తీసుకుందామనుకుంటాండా. నిల్సిపోకుండా పోయేది తీసుకోవాల్నా, తోలేకి బాగుండేది తీసుకోవాల్నా?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. ఎవరైనా ఉన్నట్టుండి ప్రశ్న వేస్తే, ఇంటికి వచ్చి డైరీ తెరిచాక గాని నాకు జవాబు తోచదు. పొగరనుకుని ఉంటుంది పాపం. ఆమె ఒక్క గుక్కలో అడిగేసిన ఆ ప్రశ్నతో మా ఇంట్లో ఒక వేసవి మొత్తం గడిచిపోయిందని ఆమెకు ఎలా తెలుస్తుంది?

మాది క్యాతగానచెర్లు. మా చేను ఇప్పుడు ప్యానెళ్ల కింద ఉంది, ఏటా కౌలు వస్తుంది. అంతకు ముందు అందులో వేరుశనగ వేసేవాళ్లం. ఆ చేనికీ ఇంటికీ ఊరికీ మధ్య మా నాయన పాత బండి తిరుగుతూ ఉండేది. నాకు ఊహ తెలిసేటప్పటికే అది పాతది. వెనక ఇనుప కమ్మీలతో చేయించిన క్యారియరు, ట్యాంకు మీద ఒక సొట్ట, ఎప్పుడూ పోని ఒక వాసన: పెట్రోలు, కాయల దుమ్ము, కాస్త మేక. మిట్ట ఎక్కేటప్పుడు మోకాళ్ల నొప్పులున్న ముసలావిడలా మూలిగేది. అయినా ఎక్కేది. వానలో, ఎండలో, పైన కాయల మూటలూ వాటి మీద కట్టెల మోపూ ఉన్నా ఎక్కేది. దారిలో నిలిచిపోయిందన్న మాట మా ఇంట్లో ఏనాడూ వినలేదు. ఒట్టి బండి తోలడం మాత్రం నాయనకు చేతనయ్యేది కాదు. పెళ్లికి పోయినా వచ్చేటప్పుడు వెనక ఏదో ఒకటి కట్టుకునే వచ్చేవాడు. ఏమీ దొరక్కపోతే ఎవరి దొడ్లోనో నాలుగు గుమ్మడికాయలైనా అడిగి తెచ్చేవాడు. బడికి పోయినన్నాళ్లు నేనూ ఆ క్యారియరు మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఒక మూటనే.

ఆ బండి మీదే నేను తోలడం నేర్చుకున్నాను. ఒక ఏడు నాయనకు జ్వరం వచ్చి లేవలేకపోతే ఎద్దులకు మేత తెచ్చే దిక్కు లేక, కోత అయిపోయిన చేలో నాకు గేర్లు నేర్పాడు, తాను గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని. బండి తోలడంలో సుఖం అనేది ఒకటి ఉంటుందని మాత్రం ఆ బండి నాకు నేర్పలేదు. అది నేర్పింది మా మామ.

మామ అంటే అమ్మ తమ్ముడు. నాగలమడికలో గొర్రెలు పెట్టుకుని ఉంటాడు. ఆయనకొక ఎర్ర బండి ఉంది. చూస్తే ఎవరైనా ఒక్క నిమిషం ఆగుతారు. ఆ బండి మాత్రం ఒక్క నిమిషం కంటే ఎక్కువే ఆగుతుంది. సగం నెల పావగడలో మెకానిక్కు దగ్గరే ఉంటుంది. "యాడ మామా బండి?" అంటే, "రెస్టు తీసుకుంటాండాది పాపా" అంటాడు, అత్త పుట్టింటికి పోయిందన్నంత మామూలుగా. కానీ అది నడిచే రోజుల్లో, పొద్దు వాలేటప్పుడు పినాకిని ఏటి పక్కన మామ వెనక కూర్చుని పోవడం ఉందే, దాని గురించి డైరీలో ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరలేదు. మలుపు వచ్చినప్పుడు బండి ఒక పక్కకు ఒరిగేది. దాంతోపాటు ఏటి ఇసుకా తుమ్మచెట్లూ ఆకాశమూ అన్నీ ఒరిగి, మళ్లీ నిదానంగా లేచి నిలబడేవి. నోరు తెరిచి నలుగురిలో ఒక్క మాట మాట్లాడలేని నేను ఆ మలుపుల్లో గట్టిగా నవ్వేదాన్నని మామ ఎవరికీ చెప్పలేదు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

డిగ్రీ అయ్యాక వల్లూరు వైపు సోలారు ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. ఏ వరుస ప్యానెళ్ల నుంచి ఎంత కరెంటు వస్తోందో తెర మీద చూస్తూ ఉండే పని. ఎదుటి మనిషితో మాట్లాడే అవసరం తక్కువ కాబట్టి నాకు సరిగ్గా సరిపోయింది. ఒకటే చిక్కు. పని మొదలయ్యే వేళకు మా ఊరి మీదుగా బస్సు లేదు. నాయన ఒక్క క్షణం ఆలోచించి, రోజూ తానే దించి వస్తాను, తానే తీసుకొస్తాను అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం వేరే లెక్క తోచింది. ఇన్నేళ్లూ కాయల మూట పక్కన మూటనై తిరిగాను, ఇక మీదట జీతం తెచ్చే మూటనవుతాను, అంతే తేడా. అమ్మతో చెప్పాను. అమ్మ నాయనతో చెప్పింది. మూడో రోజుకు నాయన ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద: "దావలో ఒక్క తూరి నిల్సిపోయిందా, ఆ పొద్దు నుంచి మల్లా నేనే దించేది."

పాత బండే నడుపుకుంటానంటే, అది తన మాట వింటుంది గాని నా మాట వినదన్నాడు. స్కూటరు మాట మా అవ్వ ఎత్తింది గాని, ప్యానెళ్ల పక్కన గుంతల దారిలో ఆ చిన్న చక్రాలు నిలవవని నాయనా మామా ఇద్దరూ అన్నారు. ఆ వేసవిలో వాళ్లిద్దరూ ఏకమైన విషయం అదొక్కటే.

నాయన మనసు పాత బండి కంపెనీవాళ్ల కొత్త బండి మీద ఉంది. పేరు వద్దు గాని అలాంటివి మా తాలూకాలో ఇంటికొకటి ఉంటాయి. ఏ ఊళ్లోనైనా సామాను దొరుకుతుంది, రోకలి పట్టుకున్నవాడైనా రిపేరు చేస్తాడు. మామ చెప్పేది ఇంకోటి. ఇంజను కాస్త పెద్దది, గొంతు వేరు, మలుపులో వాలే తీరు వేరు. సామాను కావాలంటే హిందూపురం పోవాలి. "బావా, నువ్వు చెప్పేది బండి కాదు, ఎనుము" అనేవాడు మామ. "నీది గుర్రమే లేప్పా. గుర్రం ఉండేటోడు బస్సులో యాల వచ్చినాడో?" అనేవాడు నాయన. ఒకరోజు ఈ మాట కాస్త గట్టిగా తగిలి మామ కొన్నాళ్లు మా ఇంటికి రావడమే మానేశాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నా అంటే, అదీ అనుమానమే. నిలిచిపోని బండి మీద నాకు చులకన లేదు. తెల్లవారకముందే ఒంటరిగా పోవలసిన ఆడపిల్లకు కిక్కు కొట్టగానే పలికే ఇంజను దేవుడితో సమానం. కానీ ఏటి పక్క మలుపు గుర్తొచ్చినప్పుడల్లా మనసు మామ చెప్పిన బండి వైపు ఒరిగేది.

మా వైపు పశువుల పరసలో ఎద్దులు కొనేటప్పుడు పళ్లూ సుడులూ చూసి ఊరుకోరు. బరువేసిన బండికి కట్టి, మిట్ట ఎక్కించి చూస్తారు. నాయన మోటారు బండికీ అదే పరీక్ష పెట్టాలనుకున్నాడు. అటక మీద ఖాళీ గోనె సంచులు ఉన్నాయి గాని నింపడానికి ఇంట్లో కాయలు లేవు. అందుకని మామను బతిమాలి, ఒక సంచి నిండా ఏటి ఇసుక తెమ్మన్నాడు. మామ అలక మానుకుని తెచ్చాడు. తెస్తుంటే దారిలో ఎర్ర బండి రెస్టు తీసుకుంది. చివరికి నాయనే పోయి ఆ మూటను పాత బండి మీద వేసుకొచ్చాడు. ఆ రోజంతా నాయన ముఖంలో ఉన్న సంతోషం ఇంతా అంతా కాదు.

మర్నాడు పావగడ పోయాం. ఇసుక మూట మీద నేను, ముందు నాయన. మామ బస్సులో వచ్చాడు. షోరూము శెట్టి మాకు పాతవాడే. ఒకప్పుడు ఆయన మండీలోనే మా కాయలు అమ్మేవాళ్లం. కాయలు రావడం తగ్గాక అదే చోట బండ్లు పెట్టాడు. నాయన మూటను మొదట తాను మెచ్చిన బండి మీద కట్టి బజారంతా చుట్టి వచ్చాడు. తల ఊపాడు. మామ చెప్పిన రెండో బండి మీద కట్టబోతే సీటు ఏటవాలుగా ఉండి మూట జారిపోతోంది. తాడు బిగిస్తే ఇటు, వదిలితే అటు. నాయన విసుక్కుని, "దీంతో పని కాదు" అంటూ ముడి విప్పసాగాడు. ఏటి పక్క మలుపు అక్కడితో తీరిపోయిందనుకున్నాను.

అంతవరకూ గల్లా దగ్గర కూర్చుని చూస్తున్న శెట్టి అన్నాడు, ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని: "ఏమప్పా, మూట ఏసేకి నీకిప్పుడు చేను యాడుండాది?"

నాయన చెయ్యి ముడి మీదే ఆగిపోయింది. చేను ఇచ్చిన రోజు, కంచె వేసిన రోజు, ప్యానెళ్లు లేచిన రోజు నాయన బాధపడగా నేను చూడలేదు. ఆ షోరూములో, ఏటి ఇసుక నింపిన కాయల సంచి ముందు నిలబడి, ఇక మోయడానికి ఏమీ లేదన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. ఎవరినీ చూడకుండా, "మరి ఈ బండి ఏం మొయ్యాల?" అన్నాడు.

"నన్ను, నాయనా" అన్నాను. "నన్నొక్కదాన్నే."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాయన నా వైపు చూశాడు. తర్వాత మూట దించి, "అయితే నువ్వే తోలి చూడు" అన్నాడు. అన్నాళ్ల వాదనలో ఎవరికీ, నిజం చెప్పాలంటే నాకూ, తోచని మాట అది.

మొదటి బండి బుద్ధిగా పోయింది, బుద్ధిగా వచ్చింది. చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప. రెండోదాన్ని కోట కొండ వైపు తీసుకుపోయాను. మలుపు దగ్గర నేను భయంతో కాస్త ఒరిగాను. అది నాకంటే ముందే సిద్ధంగా ఉన్నట్టు ఒరిగింది. కొండా బురుజూ నాతో పాటు వాలి, మళ్లీ లేచి నిలబడ్డాయి. తిరిగొచ్చి దిగి, వేలితో చూపించాను.

"నిల్సిపోతే?" అన్నాడు నాయన.

"తోసుకొని వస్తా."

"సరే, తొయ్యి."

ముందు ఆయన బండిని నేల మీద పడుకోబెట్టి లేపమందామనుకున్నాడు గాని శెట్టి రెండు చేతులూ నెత్తిన పెట్టుకోవడంతో ఊరుకున్నాడు. షోరూము నుంచి బజారు మిట్ట పైదాకా తోయాలన్నది ఒప్పందం. నలుగురు చూస్తే తలెత్తలేని నేను, సంత రోజు కాకపోయినా సంతలా ఉన్న ఆ బజారులో, చున్నీ నడుముకు కట్టి, మెరిసే కొత్త బండిని తోసుకుంటూ పోయాను. వెనక నాయన, మామ, వాళ్ల వెనక శెట్టి. ప్రతి అంగట్లోంచీ ఒకరు తల బయట పెట్టి, కొత్త బండి అప్పుడే నిలిచిపోయిందా అని అడగడం, శెట్టి చెమటలు కక్కుకుంటూ, "నిల్సిపోలేదప్పా, బండి బాగుండాది, ఇది పరీచ్ఛ" అని ప్రతి అంగడి ముందూ ఆగి చెప్పుకోవడం. సగం మిట్టలో ఆగి, చక్రం వెనక కాలు అడ్డం పెట్టి, మళ్లీ తోశాను. పైకి చేరేసరికి సిగ్గు ఎక్కడో కిందే, పూల అంగడి దగ్గర జారిపోయినట్టుంది. నాయన భుజం మీది టవలు తీసి నాకిచ్చాడు. గెలిచానన్నట్టు పళ్లు బయటపెడుతున్న మామతో, "నువ్వు ఇగిలించాకు. నీ మాదిరి బస్సెక్కదు ఆ పాప. తోసుకొని వస్తాది" అన్నాడు. వచ్చేటప్పుడు సంచిలోని ఇసుకను షోరూము ముందున్న గుంతలో పోసి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

కొన్నాక ఆ బండి నిలిచిపోయింది కూడా. మొదటి వానకే, ప్యానెళ్ల మధ్య దారిలో. అప్పుడు అక్కడ పని చేస్తున్న ఆడవాళ్లు, "ఏమ్మే, నీ గుర్రానికి జలుబు చేసిందా?" అని నవ్వుతూ గేటు దాకా తోయడానికి చెయ్యి వేశారు. సెక్యూరిటీ గది చూరు కింద అది ఆరేదాకా ఉన్నా పలక్కపోతే, వాన వెలిశాక తోసుకుంటూ ఊరు చేరాను. నాయన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, "తోసుకొని వచ్చినావా?" అన్నాడు. "వచ్చినా" అన్నాను. ముద్ద పులుసులో అద్దుకున్నాడు. షరతు మాట ఆయన ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు.

ఇప్పుడు నాకు సెలవు రోజు వస్తే తాళం చెవి నాయన దగ్గర ఉంటుంది. పొద్దున పోయి ఎండ ఎక్కాక వస్తాడు. వెనక ఏమీ కట్టుకోకుండా వస్తాడు. యాడికి పోయినావని అవ్వ అడిగితే, కాస్త సిగ్గుపడుతూ, "ఊరికే" అంటాడు. ఏటి పక్క మలుపు దాకా పోయి వస్తాడని మామ చెప్పాడు గాని నేను అడగను. నా నవ్వు సంగతి మామ ఎవరికీ చెప్పలేదు కదా.

రేపు ఆ వల్లూరు అమ్మాయికి ఏం చెప్పాలో ఇది రాస్తుంటే తోచింది. ఏమీ చెప్పను, తాళం చేతికిచ్చి తోలి చూడమంటాను. ఆ గోనె సంచి మళ్లీ అటకెక్కింది, ఖాళీగానే. మా ఇంట్లో కాలం ఇన్నేళ్లూ ఏదో ఒక మూట వేసుకునే నడిచింది. ఇప్పుడిప్పుడే ఊరికే పోయి రావడం నేర్చుకుంటోంది.