ఫస్టైనా సెకండైనా బండి ఒకటేనట

మా రైల్వే కాలనీ తెలుగు సంఘం హాల్లో ఒక పక్కగది ఉండేది. సాయంత్రాలు అమ్మ అక్కడ పిల్లలకు తెలుగు నేర్పేది. బిలాస్‌పూర్‌లో పుట్టిన పిల్లలకు తెలుగక్షరం కనబడేది ఆ గదిలోనే. దాని మీద కేరమ్స్ ఆడే మగవాళ్ల కన్ను పడింది.

గది ఎవరికివ్వాలో తేల్చేది సంఘం కమిటీ. దానికి ఐదు సీట్లు. చేతులెత్తి ఎన్నుకునేవారు. సభ్యుల్లో మూడోవంతు క్లాసు ఉండాలనేవాళ్లే, అయినా ఐదు సీట్లూ కేరమ్స్ వాళ్లవే. అమ్మ గొడవపెడితే సెక్రటరీ గారు కొత్త పద్ధతి తెచ్చారు. ఒక్కో సీటుకు నిలబడ్డవాళ్లకు ఇష్టాన్నిబట్టి చీటీ మీద ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వెయ్యాలి. ఒకట్లు తక్కువొచ్చినవాళ్లను తీసేసి, వాళ్లకు ఒకటి వేసిన చీటీల్లో రెండో నంబరు ఎవరికుందో చూస్తారు. ఇంక అన్యాయం అన్న మాటే ఉండదన్నారు.

అమ్మ ఒక సీటుకు నిలబడింది. అదే సీటుకు కేరమ్స్ పక్షాన ఒక రిటైరైన డ్రైవరుగారూ, ఇంకొకాయనా నిలబడ్డారు. అందరికంటే ముందు అమ్మ పేరే తీసేశారు.

"పెద్దాయన ముందర నీకు ఒకటెలా యేస్తామమ్మా? ఆయనకి ఒకటేసి నీకు రెండేసినాం," అంది పక్క క్వార్టరు పిన్ని. "ఫస్టు క్లాసెక్కినా సెకండు క్లాసెక్కినా బండి ఒకటే కదేటి?"

డ్రైవరుగారు చివరిదాకా నిలిచి గెలిచారు. ఆయన చీటీల్లోని రెండో నంబర్లను ఎవరూ చూడనే లేదు.

పిన్నిలా మర్యాదకు పోయిన ఆడవాళ్ల మీద నాకు కోపం లేదు. ఒళ్లు మండింది సెక్రటరీ గారి న్యాయం మీద. క్లాసు కావాలన్నవాళ్లందరూ అమ్మకే ఒకటి వేసినా ఒరిగేదేమిటి? సీటు సీటుకూ విడిగా లెక్కపెడితే, ఎక్కువమంది ఉన్నవాళ్లే ప్రతి సీటూ పట్టుకుపోతారు. ఐదూ కలిపి, వచ్చిన ఓట్లనుబట్టి రెండు పక్షాలకూ పంచితే మాకు ఒకటైనా దక్కేది. సెక్రటరీ గారితో అదే అన్నాను.

"అచ్ఛా! ఓడినవాళ్లకీ సీటిచ్చేస్తే ఎలక్షన్ ఎందుకమ్మా?" అని నవ్వారు.

మూడోవంతు మనుషులు ఆయన కంటికి ఓడినవాళ్లు, అంతే.

గదిలోకి కేరమ్ బోర్డు వచ్చింది. మా ఒంటిగది క్వార్టరులో అంతమంది పిల్లలు పట్టక క్లాసు ఆగిపోయింది. పిన్నికి అంకెలు తప్ప చదువు రాదు. ఆమె కొడుకు అప్పటికి గుణింతాల దాకా వచ్చాడు, ఒత్తులు మొదలుకాలేదు. ఊరినుంచి అమ్మమ్మ ఉత్తరం వస్తే కూడబలుక్కుంటూ చదివి, మొదటి ఒత్తు దగ్గరే ఆగి, "దీదీ, పఢ్ దో" అని, చదివిపెట్టమంటూ నా చేతికిచ్చి ఆటకు పోయేవాడు. కడుపున పుట్టిన కొడుకుండగా, పిన్ని తన తల్లి మాటలు నా నోట వినేది.