ఎడమ చేతికి వచ్చిన కుడి అక్షరాలు

ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా ఇంటి కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డు అమరికను మార్చే పని మొదలుపెట్టాను. దానికి రెండు రోజుల ముందు, శుక్రవారంనాడు, నా భార్య వాకిలి కడుగుతూ జారిపడింది. కుడి మణికట్టు ఎముక చిట్లింది. దవాఖానలో మోచేతి నుంచి అరచేతి దాకా ప్లాస్టర్ కట్టు వేసి, ఆరు వారాలు ఆ చేతికి పని చెప్పవద్దన్నారు. వేళ్లు మాత్రం కట్టులోంచి బయటికి కనబడుతున్నాయి.

శంషాబాద్‌లో మావి అయిదు కార్లు. విమానాశ్రయానికి వచ్చిపోయేవారి కోసం తిరుగుతాయి. నేను గోదాములో లెక్కలు చూసుకునే ఉద్యోగిని. ఏ కారు ఏ విమానానికి పోవాలో తేల్చి, డ్రైవర్లకు కంప్యూటర్ నుంచి తెలుగులో సందేశం పంపేది నా భార్యే. పెళ్లికి ముందు టైపింగ్ నేర్చుకున్న మనిషి. కీబోర్డు వంక చూడకుండా కొడుతుంది. నోటితో చెప్పి పంపితే విమానాశ్రయం రొదలో డ్రైవర్లకు వినబడదు. ఫోన్‌లో ఒక్కో అక్షరాన్ని వెతుక్కోవడం ఆమెకు మహా విసుగు.

"కొన్నొద్దులు ఎవరినన్న కూసోబెడదాం వదినా," అన్నాడు మా తమ్ముడు.

"కూసోబెట్టినంక లేపుడెవరు?" అంది ఆమె. "కార్లు కొన్నకాడికెల్లి ఆ కుర్చీల నేనే కూసుంటున్న. ఒక్కసారి లేస్తే ఇగ నాకు రాదు."

తమ్ముడు నవ్వాడు గాని, ఆ మాటలో ఉన్నది వేళాకోళం కాదని నాకు తెలుసు.

శనివారం ఆమె పక్కన కూర్చుని చెబుతుంటే నేను టైపు చేశాను. రాసేది ఏదైనా పూర్తి వాక్యంలో, విరామ చిహ్నాలతో ఉండాలన్నది నా పట్టుదల. "నమస్కారం. తాము దయచేసి..." అని మొదలైన నా సందేశానికి మా డ్రైవర్లలో నోరు జాస్తి ఉన్నవాడు ఫోన్ చేశాడు. నా భార్యను అక్కా అంటాడు కనుక నన్ను బావా అంటాడు.

"బావా, నీ మెసేజ్ సదివి తలకాయ ఎత్తేవరకు ప్యాసింజర్ ఇంకో కారెక్కి పోయిండు."

"అందుకే చెప్తున్న," అంది నా భార్య, "నేనే కొట్టాలె."

ఆదివారం నేను ఎదుర్కొన్న చిక్కు ఇది. మేము వాడే తెలుగు అమరికలో గుణింతపు గుర్తులన్నీ ఎడమ చేతి వైపు ఉంటాయి. క, ర, త, ప మొదలైన హల్లుల్లో అధిక భాగం కుడి చేతి వైపు. ఇన్నేళ్లుగా ఆమె ఎడమ చేతికి తెలిసింది ప్రధానంగా కొమ్ములూ, గుడులూ, ఏత్వాలూ. అవి తగిలించవలసిన అక్షరాలు కట్టులో ఉన్నాయి.

భోజనాల వేళకు ఒక అమరిక తయారుచేశాను. స్పేస్ బార్‌ను ఎడమ బొటనవేలితో నొక్కిపెడితే, ఎడమ సగంలోనే హల్లులు వస్తాయి: పై వరుసలో క నుంచి, మధ్య వరుసలో ట నుంచి, వర్ణమాల క్రమంలో. నాకు ఎంతో ముచ్చటగా తోచింది. కాగితం మీద గీసి ఆమె ముందు పెట్టాను. ఆమె ఓపికగా పావుగంట ప్రయత్నించింది.

"నన్ను మల్ల ఒకటో తరగతిల ఏసినవ్," అంది.

ఆమె మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక సంగతి గమనించాను. "కారు" అని కొట్టడానికి ఆమె ఎడమ చేయి తడబడుతుంటే, ఒళ్లో పెట్టుకున్న కుడి చేతి వేళ్లు ఊరకే ఉండడం లేదు. క కోసం మధ్యవేలు కదిలింది. ర కోసం చూపుడువేలు వంగింది. ఆమెకు ఆ స్పృహే లేదు.

"మళ్లీ కొట్టు," అన్నాను.

"ఏది, ఆ తప్పేనా?"

"అదే."

మళ్లీ అవే వేళ్లు కదిలాయి. నేను గీసిన కాగితాన్ని మడిచి పక్కన పెట్టేశాను. వర్ణమాలతో పని లేదు. బొటనవేలు నొక్కినప్పుడు కుడి సగాన్ని అద్దంలో చూసినట్టు ఎడమ సగం మీదికి తిప్పితే చాలు: కుడి మధ్యవేలి అక్షరం ఎడమ మధ్యవేలికి, చిటికెనవేలిది చిటికెనవేలికి. నాలుగున్నరకు ఆ మార్పు పూర్తయింది. ఆమె కళ్లు మూసుకుని, హల్లుకు బొటనవేలు నొక్కుతూ, గుణింతానికి వదులుతూ, "కారు" కొట్టింది. తెరమీద కారు అనే వచ్చింది. కళ్లు తెరిచి చూసి, నా భుజం మీద తన కట్టు చేత్తోనే ఒకటి వేసింది. ఇద్దరికీ నొప్పి పుట్టింది, ఇద్దరమూ నవ్వాము.

సోమవారం పొద్దున్నే తొలి సందేశం పంపింది. ఆత్రంలో బొటనవేలు జారింది. అక్షరం ఒక్కటీ లేదు. చుక్కలతో గీసిన సున్నాల మీద వేలాడుతున్న కొమ్ములూ గుడులూ వరుసగా పోయాయి. ఆ డ్రైవరే ఫోన్ చేశాడు.

"అక్కా, పొద్దుగాల్నే ముగ్గేసినవేంది? చుక్కలు మస్తుగున్నయ్ గాని, కారు ఎటు తోలాలె?"

ఆమె ఫోన్ పెట్టేసి, పెదవి బిగించి, నిదానంగా కొట్టింది: "ముగ్గు తొక్కకుండ పక్కకెల్లి రా." ఎడమ చేత్తో ఆమె తప్పు లేకుండా పంపిన మొదటి వాక్యం అదే. విమానం వివరాలు దాని వెనుకే వెళ్లాయి.

అసలు పరీక్ష ఆ గురువారం వచ్చింది. మైలార్‌దేవ్‌పల్లిలో ఒక పెళ్లికి చుట్టాలు మూడు విమానాల్లో ఇంచుమించు ఒకే వేళకు దిగారు. అయిదు కార్లూ కావాలి. తమ్ముడు ముందే వచ్చి కుర్చీ వెనుక నిలబడ్డాడు, అవసరమైతే తాను కూర్చుందామని. ఒక విమానం ఆలస్యమైంది. ఆమె రెండు కార్లను మార్చింది; ఎవరి కారులో ముసలివారున్నారో, ఎవరి కారులో సామాను ఎక్కువో రాసింది. బొటనవేలు పడుతూ లేస్తూ ఉంది. చివరి కారు బయలుదేరినట్టు కబురు వచ్చాక తలతిప్పి మరిదిని చూసింది.

"నిలవడి నిలవడి కాళ్లు గుంజుతలేవా? పోయి చాయ్ పెట్టుకరా పో. అందరికి."

అతడు వంటింట్లోకి నడిచాడు.

మార్చి ఇరవై ఒకటిన కట్టు విప్పారు. పాత అమరికకు మారుస్తానంటే ఆమె వద్దంది. ఇప్పుడు ఎడమ చేత్తో సందేశాలు కొడుతూ, కుడి చేత్తో పేలాలు తింటోంది.

లెక్క ఇది. పోయినవి: ఒక ఆదివారం, ఒక గిరాకీ, నేను వర్ణమాల క్రమంలో కట్టిన అమరిక. మిగిలినవి: అయిదు కార్లు, అయిదుగురు డ్రైవర్లు, ఆమె కుర్చీ.