ఫ్రైబుర్గ్‌లో ఇద్దరు ట్రామ్ డ్రైవర్లు

శేషగిరి కాన్‌బెర్రాలో ట్రామ్ నడుపుతాడు. గంగాలిన్ నుంచి సిటీకి, సిటీ నుంచి గంగాలిన్‌కి. అంతకుముందు ఏలూరు కాలేజీలో పన్నెండేళ్లు ఫిజిక్స్ చెప్పాడు. భార్య వైశాలి సోలార్ పరిశోధన ఉద్యోగం కోసం ఇద్దరూ ఆస్ట్రేలియా వెళ్లాక ఈ పని ఇష్టపడే నేర్చుకున్నాడు. కానీ తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరైనా అడిగితే మాత్రం “ట్రాన్స్‌పోర్ట్‌లో” అని ఊరుకునేవాడు.

నిరుడు జూన్‌లో సోలార్ సదస్సుకని జర్మనీలోని ఫ్రైబుర్గ్ వెళుతూ వైశాలి అతన్నీ తీసుకెళ్లింది. ఆమె సదస్సులో ఉన్న రోజు అతను ట్రామెక్కి, సీట్లు ఖాళీగా ఉన్నా డ్రైవరు వెనక అద్దం దగ్గర నిలబడ్డాడు. స్టాపు దగ్గరపడేసరికి ఎడమచెయ్యి దానంతట అదే బ్రేకు లాగినట్టు కదిలింది.

“బ్రేకు కొంచెం ఆలస్యంగా వేశారు,” అంది పక్కనున్న పెద్దావిడ ఇంగ్లీషులో.

ఆవిడ పేరు ఉర్సులా. ఆ ఊళ్లోనే ముప్ఫై ఒక్కేళ్లు ట్రామ్ నడిపి రిటైరైంది.

ఇక రోజంతా ఆవిడే ఊరు తిప్పింది. వీధుల అంచున పారే సన్నటి నీటి కాలవలు దాటించింది. పెద్ద చర్చి ముందరి సంతలో, సాసేజీలు తిననంటే స్ట్రాబెర్రీలు కొనిపెట్టింది. పచ్చిక మధ్య పట్టాలు చూసి, మా దగ్గర ఈ గడ్డికి కంగారూలొస్తాయన్నాడు శేషగిరి. గంట కొడితే తప్పుకుంటాయా అని ఆవిడ శ్రద్ధగా అడిగింది. ఒక్కోసారి మనవంక చూసి ఊరుకుంటాయన్నాడు. ఎదురొచ్చిన ప్రతి డ్రైవరూ ఆవిడకి చెయ్యెత్తడం అతను గమనిస్తూనే ఉన్నాడు.

పాతబస్తీ చివర పట్టాలు పాత రాతి కమానులోంచి వెళతాయి. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఉర్సులా అందులో బండి పట్టదని భయపడి ఆపేసిందట. ప్రయాణికులు దిగి, అవతలికి నడిచివెళ్లి, ఫరవాలేదు రమ్మని పిలిచారట. చెప్పి హాయిగా నవ్వింది.

అప్పుడు శేషగిరి, వైశాలికైనా చెప్పనిది చెప్పాడు. ఏలూరులో తన దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకసారి కాన్‌బెర్రాలో తన ట్రామే ఎక్కబోతుంటే, టోపీ ముఖం మీదికి లాక్కున్నాడట.

ఉర్సులా ఒక్కటే అడిగింది. “ఆ రోజు బండి బాగా నడిపారా?”

“నడిపాను.”

“మరింకేం?”

రాత్రి వైశాలి ఆఫీసువాళ్లతో భోజనం. శేషగిరి ఉర్సులాని కూడా వెంటబెట్టుకెళ్లి, “ఈవిడా నేనూ ట్రామ్ డ్రైవర్లం,” అని అందరికీ పరిచయం చేశాడు. శాస్త్రవేత్తలు బ్రేకుల గురించి అడగడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ జవాబులు చెప్పారు.

“నా ప్రెజెంటేషన్ కన్నా మీ టాకే బెటర్‌గా నడుస్తోందండీ,” అంది వైశాలి అతని చెవిదగ్గర, మెల్లిగా.

ఈ మార్చిలో ఉర్సులా కాన్‌బెర్రా వచ్చి వారంపాటు వాళ్లింట్లోనే ఉంది. శేషగిరి డ్యూటీ ఉన్న ప్రతిరోజూ పొద్దున్నే తయారై, అతని ట్రామ్‌లో ముందు సీట్లో కూర్చునేది.